ఆల్మోస్ట్ సెటిలైన గట్టు తగువు

మొన్న మా పెదనాన్నగారు పోయారు. పెద్దకర్మకి ఊరెళ్ళాను. భోజనాలయ్యి, వచ్చినవాళ్ళు అరుగుల మీద చేరగిలబడి వక్కపొడి నములుతున్న వేళ, పెదనాన్నగారి అబ్బాయి శ్రీను అన్నయ్య నన్ను దొడ్డివైపు రమ్మని సైగ చేశాడు. తండ్రి పోయిన మనిషి, ఏదైనా బాధ చెప్పుకుంటాడేమో అనుకుని వెళ్ళాను. కండువా భుజం మీద సర్దుకుని, గొంతు తగ్గించి, "గట్టు మేటర్ నీ చెవిన కూడా వెయ్యాలి గదా చెల్లెమ్మా. ఆల్మోస్ట్ క్లియరైపోయింది. జస్ట్ డాక్యుమెంటేషన్ లెవెల్లో ఉందంతే" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. "గట్టు మాది, మీకివ్వం, దిక్కున్నచోట చెప్పుకోండి" అని ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. "ఎన్నాళ్ళ నించి ఉందన్నయ్యా ఆ లెవెల్లో?" అని అడిగాను. అన్నయ్య నిజాయితీపరుడు. కాసేపు కొబ్బరిచెట్ల కేసి చూసి, "అదే, మీ నాన్నగారు ఉన్నప్పట్నించీనూ" అన్నాడు. మా నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది.

నాకీ అనుమానపు బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందని మా ఆయన అడుగుతూ ఉంటాడు. ఆఫీసు నుంచి ఫోన్ చేసి "బయల్దేరాను" అంటే నమ్ముతాను. "ఆన్ ది వే" అన్నాడా, పొయ్యి కట్టేసి పుస్తకం తీసుకుంటాను. నా చిన్నతనంలో మా ఇంట్లో, ఆ మాటకొస్తే ముక్తేశ్వరం చుట్టుపక్కల మా బంధువుల ఇళ్ళన్నిట్లోనూ, అయిపోయిన సంగతులన్నీ తెలుగులోనే చెప్పేవారు. ఆవు ఈనింది. తాతగారు పోయారు. చేను అమ్మేశారు. వాన వెలిసింది. అలాగే మొదలే కాని సంగతులకీ తెలుగే సరిపోయేది: కుదరదు, ఇవ్వరు, రాడు. ఇంగ్లీషు ఎప్పుడు దిగేదంటే, కావలసింది కాకుండా, కాలేదని ఒప్పుకోవడానికి నోరు రానప్పుడు. ఊరికి టెలిఫోను శాంక్షన్ స్టేజ్‌లో ఉండేది. వంతెన ప్రపోజల్ పాజిటివ్‌గా ఉండేది. కరెంటు పోయిన రోజున లైన్‌మాన్ సైకిలు దిగకుండానే "ఫాల్ట్ రెక్టిఫై అయిపోయిందండి, జస్ట్ చార్జింగ్ ఇవ్వడమేనండి ఆయ్" అని వెళ్ళిపోయేవాడు. ఆ సాయంత్రం అమ్మ లాంతరు చిమ్నీ తుడిచి వత్తి సరిచేసుకునేది.

ఈ విద్యలో మా నాన్నగారిని మించినవాళ్ళు లేరు. చిత్రమేమిటంటే ఆయన హైస్కూల్లో లెక్కల మేష్టారు. లెక్క మొత్తం సరిగ్గా చేసి చివర ఒక్క అంకె తప్పు వేసిన పిల్లవాడికి కూడా సున్నా చుట్టేవారు. "దాదాపు వచ్చిందండి మేష్టారూ" అని వాడు గునిస్తే, "దాదాపు అన్న జవాబు లెక్కల్లో లేదురా" అనేవారు. బడి గేటు దాటి స్కూటరెక్కారో లేదో, ఆయన ప్రపంచంలో దాదాపు కానిదంటూ ఒక్కటీ ఉండేది కాదు. నేను పెద్దయ్యాక నా పెళ్ళి సంబంధాలప్పుడు కూడా అంతే. మగపెళ్ళివారింటి నుంచి వచ్చి "ఇన్ ప్రిన్సిపుల్ ఓకే అన్నారమ్మడూ" అంటే, నేను "అయితే వేరే సంబంధం చూడండి నాన్నగారూ" అనేదాన్ని. ఒక్కసారి కూడా నా అంచనా తప్పలేదు. చివరికి మా ఆయన తరఫువాళ్ళు వచ్చి "మాకు పిల్ల నచ్చిందండి, మీ మాట చెప్పండి" అన్నారు. ముక్క ఇంగ్లీషు లేదు. అప్పుడు ఒప్పుకున్నాను.

ఇదంతా గట్టు దగ్గర మొదలైంది. మా అమ్మా, మా పెద్దమ్మా స్వయానా అక్కచెల్లెళ్ళు. జొన్నాడ వాళ్ళ పుట్టిల్లు. అక్కని ఇచ్చిన ఇంట్లోనే, పెదనాన్నగారి తమ్ముడికే, చెల్లెల్నీ ఇచ్చారు. అమ్మ అత్తారింటికి వచ్చేటప్పుడు ఏడవలేదని, అక్క దగ్గరికే కదా వెళ్తున్నానని నవ్వుతూ బండెక్కిందని చెప్పుకునేవారు. తాతగారు పోయాక అన్నదమ్ములు పక్కపక్కనే వేరు పడ్డారు. రెండు పెంకుటిళ్ళు, మధ్యన దొడ్డి, దొడ్డి మధ్యలో ఒక గట్టు, గట్టు మీద ఒక వరస కొబ్బరిచెట్లు. ఇళ్ళు వేరైనా వంటలు వేరు కాలేదు. పెద్దమ్మ పనసపొట్టు కూర వండితే మా ఇంట్లో అన్నం ఒక్కటే వండేవారు. పొద్దున్నే పెద్దమ్మ పేడనీళ్ళ కళ్ళాపి చల్లుతూ గట్టు ఇవతలిదాకా చల్లేసేది, అమ్మ ముగ్గేస్తూ అవతలిదాకా వేసేసేది. మధ్యాహ్నం ఇద్దరూ గట్టు మీద కూచుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ ఉంటే, వాళ్ళ తలలకి రాసిన కొబ్బరినూనె వాసనా, పెద్దమ్మ నోట్లో ఉన్న వక్కాకు వాసనా కలిసి నాకు నిద్రొచ్చేది.

ఒకసారి నాన్నగారు బడి పిల్లల్ని తీసుకుని అంతర్వేది వెళ్ళారు. తిరిగొచ్చేసరికి పెదనాన్నగారు కొబ్బరికమ్మలతో కొత్త దడి కట్టించారు. మామూలుగా అయితే దడి గట్టుకి అవతల ఉండాలి. ఇప్పుడు ఇవతలికొచ్చింది. చెట్ల వరస మొత్తం అటు పోయింది. "పశువులొస్తన్నాయని కట్టించేను, తప్పేముంది?" అన్నారాయన. "తప్పు లేదన్నయ్యా, చెట్ల సంగతేంటి?" అన్నారు ఈయన. మా వైపు మనుషులు పోట్లాడుకున్నా అరుచుకోరు. మర్యాద తప్పకుండా, అండీ అని ఒకరూ ఆయ్ అని ఒకరూ అనుకుంటూ, మాటలు మానేశారు. ఇద్దరూ కలిసి ఒక్క విషయం మీద మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చారు. ఊళ్ళో రిటైరై ఉన్న తాసీల్దారుగారు మధ్యస్థం చెయ్యాలి.

తాసీల్దారుగారు మంచివారే. ఆ రోజుల్లో ఎవరైనా నన్నడిగితే మాత్రం ఆయన మీద ఒక కన్నేసి ఉంచమని చెప్పి ఉండేదాన్ని. ఒక ఆదివారం నాన్నగారి వెనకాల స్కూటరెక్కి నేనూ వెళ్ళాను. వరండాలో పేము కుర్చీ, ఆయన అందులో. ఈ కొస బల్ల మీద నాన్నగారు, ఆ కొస బల్ల మీద పెదనాన్నగారు, ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడని చూస్తూ. గుమ్మం పక్కన ఇద్దరూ విడివిడిగా తెచ్చిన అరటిగెలలు. "ఏమండీ పెద్దవారూ, దడి ఒక మూర అటు జరపడానికి మీకేమన్నా అభ్యంతరమా?" అని అడిగారు తాసీల్దారుగారు. "చూద్దావండి, ఆయ్" అన్నారు పెదనాన్నగారు. "మేష్టారూ, చెట్లు చెరిసగం అంటే మీరేమంటారు?" "ఆలోచిద్దావండి, ఆయ్" అన్నారు నాన్నగారు. తాసీల్దారుగారు సంతోషంగా చేతులు రుద్దుకుని, "సో, ఇన్ ప్రిన్సిపుల్ ఇద్దరూ ఎగ్రీడ్. మోడాలిటీస్ ఒక్కటే మిగిలినయ్యి. అంతవరకూ స్టేటస్ కో మెయిన్‌టెయిన్ చెయ్యండి. రాకపోకలు కూడా పెట్టుకోకండి, ఆడవాళ్ళు మాటా మాటా అనుకుంటే ఆల్మోస్ట్ అయిపోయిన రాజీ చెడుద్ది" అన్నారు. లోపల్నించి కాఫీలొచ్చాయి. రిటైరయ్యాక ఆయన వరండాకి ప్రతి ఆదివారం వచ్చేవాళ్ళు నాన్నగారూ పెదనాన్నగారూ ఇద్దరే అని నాకు తరవాత తెలిసింది. తగువు తేలిపోతే ఆ పేము కుర్చీలో ఆయన ఒక్కరే కూచోవాలి.

ఆ స్టేటస్ కో ఎలా ఉండేదో చెప్తే ఇప్పుడు నమ్మరు. మాకు రెండు నెలలకో మాటు దింపు ఉండేది. మనుషులు చెట్లెక్కి కాయలు కోసి దింపి, ఎవరి కాయలు వారి పోగు వేసి వెళ్ళేవారు. తగువు మొదలైన తరవాత గట్టు మీది చెట్ల కాయలు ఎవరి పోగులోనూ వెయ్యడానికి లేదు. "ఇవి ఎటు వెయ్యమంటారండీ?" అని వాళ్ళడిగితే, "ఆల్మోస్ట్ సెటిలైపోయిందయ్యా, ప్రస్తుతానికి అక్కడే పడెయ్యండి" అనేవారు నాన్నగారు. దడి అవతలి నుంచి పెదనాన్నగారి గొంతూ సరిగ్గా అదే మాట చెప్పేది. అలా దడి వారన, కొంత అటూ కొంత ఇటూగా, మూడో పోగు ఒకటి తయారైంది. దానికి ఊళ్ళో తగువు పోగు అని పేరు పడింది. కూరకి కొబ్బరి లేకపోయినా అమ్మ అందులో కాయ ముట్టేది కాదు. అవతల పెద్దమ్మా అంతే. ముట్టుకుంటే హక్కు ఒప్పుకున్నట్టో వదులుకున్నట్టో అవుతుందట, ఏదన్నది ఎవరికీ తెలియదు. వర్షాలు పడ్డాయి. కాయలు మొలకెత్తాయి. మొలకల మీద మళ్ళీ కొత్త దింపు కాయలు పడ్డాయి, అవీ మొలిచాయి. మొలిచిన కాయలో తియ్యగా, మెత్తగా పువ్వు ఉంటుందని నాకు తెలుసు. బడి నుంచి రాగానే ఆ పోగు ముందు నిలబడి గుటకలు మింగేదాన్ని. "ముట్టుకోకు. ఈ ఆదివారంతో అయిపోద్ది" అనేది అమ్మ. ఆకులు నా మోకాలు దాటి, నడుము దాకా వచ్చాయి.

ఆదివారం సాయంత్రం నాన్నగారు వచ్చే పద్ధతి ఒకటుండేది. స్కూటరు స్టాండు వేసి, చొక్కా మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని, తువ్వాలు లోపల్నించే చెప్పేవారు. ఒకవారం టాక్స్ పాజిటివ్. ఒకవారం బ్రాడ్‌గా ఓకే. ఒకవారం ఓన్లీ ఫార్మాలిటీస్. అమ్మ వంటింటి గడప దగ్గర గరిటె పట్టుకుని నిలబడి వినేది. అమ్మ ఏడో తరగతితో ఆపేసింది. నన్ను అమలాపురంలో కాన్వెంటులో వేశారు కాబట్టి, నాన్నగారు వీధిలోకి వెళ్ళగానే నన్ను పిలిచేది. "ఆల్మోస్ట్ అంటే ఏంటే?" "దాదాపు అని అమ్మా." "దాదాపు అంటే అయినట్టా, అవ్వనట్టా?" అమ్మ పొయ్యి మీది అన్నం ఒక మెతుకు తీసి నొక్కి చూసి, "ఇది దాదాపు ఉడికింది. వార్చమంటావా మరి?" అనేది. నా మీద విసుక్కున్నా అది నాకు చేరవలసిన విసుగు కాదని నాకు తెలుసు.

ఆ మధ్యలో అమ్మకి నెల తప్పింది. నేను పుట్టిన పదేళ్ళకి. మా అమ్మమ్మ అప్పటికే లేదు. నేను పుట్టినప్పుడు పురుడు పోసిందీ, నలుగుపెట్టిందీ, బాలింతకి కారాలు నూరి పెట్టిందీ అంతా పెద్దమ్మే. నేను అడ్డం తిరిగి, పొద్దు పొడిచిందగ్గర్నించీ అమ్మ ప్రాణాలు పోతూ ఉంటే, పెద్దమ్మ చెయ్యి వదలకుండా కూచుందనీ, అమ్మ గోళ్ళు గుచ్చుకున్న మచ్చలు ఆవిడ ముంజేతి మీద చాన్నాళ్ళు ఉన్నాయనీ ఇంట్లో చెప్పుకునేవారు. ఈసారీ అక్క ఉండాలి. అక్క లేకుండా కనలేననుకుంది అమ్మ. అలా అని పైకి ఏడ్చే మనిషి కాదు. "ఒకమాటు వెళ్ళొస్తానండీ, పావుగంట" అని అడిగేది. నాన్నగారు కసిరేవారూ కాదు. "వద్దని నేనంటున్నానా? ఇప్పుడు నువ్వు వెళ్తే మనం మెత్తబడినట్టు ఉంటది. ఆల్మోస్ట్ ఫైనల్ స్టేజ్‌లో ఉన్నదాన్ని చేతులారా చెడగొట్టుకోడం దేనికోయ్? వచ్చే వారం తాంబూలం పట్టుకుని మర్యాదగా వెళ్దువుగాని" అనేవారు. వచ్చే వారం అన్నదానిమీద అమ్మకి ఆశ. ఒక్క వారానికి ఎవరు మొండికేస్తారు? ఆ ఒక్క వారం కోసం ఆగింది, మళ్ళీ ఇంకో వారం కోసం ఆగింది.

మాటలు లేవు కానీ దడి కమ్మలదే. ఇటు దగ్గితే అటు వినపడుతుంది. ఒకరోజు అమ్మ నన్ను దడి దగ్గర నిలబెట్టి, నాకు చెవుడేమో అన్నంత గట్టిగా, "ఒసేయ్, నాకు కాళ్ళు వాచినయ్యే! పొద్దుణ్ణించీ కళ్ళు తిరుగుతున్నయ్యే!" అంది. నేను తెల్లబోయాను. కాసేపటికి అవతల పెద్దమ్మ గేదె మీద కేకలు మొదలుపెట్టింది. "ఉప్పు తగ్గించి తినమంటే వినవేం? పడుకున్నప్పుడు కాళ్ళ కింద తలగడ ఎత్తు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలి? బరువులెత్తావంటే ఊరుకోను, ఏవనుకున్నావో!" ఆ గేదె ఏమనుకుందో తెలియదు కానీ, అమ్మ ఆ పూట నుంచి పచ్చడి మానేసింది. రోజూ ఇదే వరస. మా అమ్మ నన్ను తిట్టేది, మా పెద్దమ్మ గేదెని తిట్టేది. ఇద్దరికీ మంచీ చెడూ తెలిసేవి. ఒకమాటు అవతల తిట్లు మధ్యలో ఆగిపోయి, పెద్దమ్మ ముక్కు చీదిన చప్పుడు వినపడింది. అమ్మ దడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. నాకు మాత్రం ఆ వయసులోనే పెద్దవాళ్ళ మీద కోపం వచ్చింది. ఇంత చిన్న దడి తీసెయ్యడానికి ఇన్ని ఇంగ్లీషు మాటలెందుకని.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ గాలి చూసినవాళ్ళకి దాని గురించి చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా తెలియదు. తెల్లారి బయటికొచ్చి చూస్తే ఆకాశం మునుపటికన్నా పెద్దగా కనపడింది, చెట్లు లేక. గట్టు మీది వరస మొత్తం పడిపోయింది. ఒకటి మా దొడ్లో, ఒకటి వాళ్ళ దొడ్లో, మిగిలినవి గట్టు మీదే అడ్డదిడ్డంగా. దడి ఆనవాలు లేదు. తగువు పోగు కాయలు ఊరంతా కొట్టుకుపోయాయి. ఇన్నాళ్ళకి నాన్నగారూ పెదనాన్నగారూ మధ్యన ఏమీ అడ్డు లేకుండా ఎదురెదురుగా నిలబడ్డారు. పెదనాన్నగారు నాకేసి చూసి, "ఏవే, మీ ఇల్లు ఏవన్నా కురిసిందేవో మీ నాన్ననడుగు" అన్నారు. నాన్నగారు నాకేసి చూసి, "పెంకులు లేచినయ్యి, మనుషులం బానే ఉన్నావని చెప్పు" అన్నారు. ఇద్దరికీ వినపడుతూనే ఉంది.

అమ్మ మొహం ఆ రోజు వెలిగిపోయింది. ఇల్లు కురిసింది, ధాన్యం తడిసింది, దారుల నిండా చెట్లు పడి అమలాపురం ఆస్పత్రికి వెళ్ళే వీలు లేదు, ఆవిడకి నెలలు నిండాయి. అయినా వెలిగిపోయింది. చెట్లే లేనప్పుడు చెట్ల తగువేముంటుంది? కానీ రెండ్రోజులకి తాసీల్దారుగారు పంచె ఎగ్గట్టి బురదలో మా దొడ్లోకి వచ్చి, చేతికర్రతో ఒక్కో మొద్దునీ తట్టి చూశారు. "సబ్జెక్ట్ మేటరే లేదు కాబట్టి, టెక్నికల్లీ డిస్ప్యూట్ ఆల్మోస్ట్ ఓవర్. ఈ మొద్దులు ఎవరి వైపు పడ్డాయి, వేళ్ళు ఎవరి వైపున్నాయి, ఈ ఒక్క పాయింటే తేలాలి. అంతవరకూ స్టేటస్ కో" అన్నారు. "ఆయ్" అన్నారు నాన్నగారు. ఆ వైపు నుంచి పెదనాన్నగారూ "ఆయ్" అన్నారు. తలుపు వెనకాల నిలబడి ఉన్న అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా కింద కూచుంది. నొప్పులేమోనని నేను హడలిపోయాను. "కాదులే" అంది.

మధ్యాహ్నం నాన్నగారు భోజనానికి కూచున్నారు. కంచం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, అన్నం వడ్డించలేదు. గిన్నె చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడింది. "ఏవండీ, ఒక్క మాట అడుగుతాను. ఇంగ్లీషు ముక్క కలపకుండా చెప్పండి."

నాన్నగారు తలెత్తారు.

"ఈ తగువు అవుద్దా?"

"అంటే ఇప్పుడు పొజిషన్..."

"పొజిషన్ వద్దండి. అవుద్దా, అవ్వదా?"

ఆయన కంచం వైపు చూశారు. బోర్డు మీద లెక్క వేసి, ఎక్కడ తప్పిందో వెతుక్కునేటప్పుడు ఆయన మొహం అలాగే ఉండేది. "అవ్వదోయ్" అన్నారు చివరికి. "అన్నయ్య దిగడు. నేనూ దిగను. తాసీల్దారుగారు తెమల్చరు. మేవిద్దరం ఉన్నన్నాళ్ళూ ఇది అవ్వదు."

నేను అమ్మ మొహం చూశాను. ఏడుస్తుందనుకున్నాను. అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది, భుజం మీది కావడి దించుకున్న మనిషిలా. "ఈ మాట ముందే చెప్తే పోయేది కదండీ" అంది. "రేపు అవుద్ది, ఎల్లుండి అవుద్ది అంటే ఆగేను. అవ్వదని తెలిస్తే ఎప్పుడో వెళ్ళేదాన్ని." నాన్నగారికి అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి వేసి, చెయ్యి కడుక్కుని, "రావే" అని నన్ను పిలిచింది.

నేను పెద్దయ్యాక చాలామందిని చూశాను, ఆ దాదాపు గడపల దగ్గర నిలబడిపోయినవాళ్ళని. రాజోలు వైపు మా బంధువు ఒకతను దుబాయ్ వీసా అండర్ ప్రాసెస్ అని ఏజెంటు చెప్పగా, ఇవాళా రేపూ అంటూ సూట్‌కేసు మంచం కింద పెట్టుకుని, చేతిలో ఉన్న మంచి ఉద్యోగాలు వదులుకున్నాడు. వీసా రాదని ఒక్కరు చెప్పి ఉంటే ఆ పూటే పనిలో చేరేవాడు. ఇప్పుడు మా ఇళ్ళలో పిల్లలు ఇంగ్లీషులోనే ఏడుస్తారు, ఇంగ్లీషులోనే నవ్వుతారు, అయినవీ కానివీ అన్నీ అందులోనే చెప్తారు. ఏది అయిందో ఏది కాలేదో భాషని బట్టి పట్టుకునే వీలు నాకు పోయింది. అప్పట్లో కనీసం ఆనవాలు ఉండేది. అది తల్చుకుంటే, మా నాన్నగారి మీద ఉన్న కోపం కొంచెం తగ్గుతుంది. ఆయన అబద్ధం ఆడేటప్పుడు వేరే భాష తొడుక్కునేవారు, తెలుగులో ఆడలేక.

దొడ్లో బురద పాదాలు మునిగేంత ఉంది. గట్టుకి అడ్డంగా ఒక చెట్టు మొద్దు. అమ్మ దాని మీద చతికిలబడి, ఒక కాలు అటు వేసి, నా భుజం పట్టుకుని రెండో కాలు ఈడ్చుకుంది. వెనక్కి చూస్తే నాన్నగారు ఎంగిలి చేత్తో దొడ్డిగుమ్మంలో నిలబడి ఉన్నారు. "మెల్లిగా, అక్కడ జారుద్ది" అన్నారు. అవతల పెదనాన్నగారు అరుగు మీద తడిసిన వడ్లు ఎగదోస్తున్నారు. అమ్మని చూసి చేతిలోని పార పక్కన పెట్టి, లోపలికి తిరిగి, "ఒసేయ్, మీ చెల్లెలొచ్చింది" అని కేకేశారు. వీధివైపు వెళ్ళిపోయారు.

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. సన్నబడిపోయింది. అమ్మ పొట్ట వైపూ, బురద కాళ్ళ వైపూ, మళ్ళీ మొహం వైపూ చూసింది. ఆవిడ అడిగిన మొదటి మాట, "సెటిలయ్యిందా చిట్టీ?"

"లేదక్కా."

"మీ బావగారూ ఇన్నాళ్ళూ అదే చెప్పేరే, ఆల్మోస్టు, ఆల్మోస్టని. వచ్చేవారం వెళ్దువుగాని అని..."

"అవ్వదంటక్కా. మీ మరిదిగారే చెప్పేరు."

"అవ్వదంటనా?" పెద్దమ్మ గడప దిగి దగ్గరికొచ్చింది. "ఖాయంగా?"

"ఖాయంగా."

"అయితే ఇంక చూసేదేవుందే, లోపలికి రా" అని పెద్దమ్మ అమ్మ చెయ్యి పట్టుకుంది. ఏడుస్తూనే తిట్టడం మొదలుపెట్టింది. నిండుచూలాలివి, ఎవడు చెప్పేడే ఆ మొద్దెక్కమని, కాళ్ళు చూడు ఎలా వాచినయ్యో, ఉప్పు తగ్గించమని ఎన్నిమాట్లు చెప్పేను అని. ఈసారి గేదెని కాదు.

అమ్మా, అమ్మతో నేనూ ఆ ఇంట్లోనే ఉండిపోయాం. నాలుగైదు రోజులకి ఒక రాత్రి నొప్పులొస్తే, పక్కూరి నర్సమ్మ పడిపోయిన చెట్లన్నీ దాటుకుంటూ వచ్చింది. తెల్లవారుతూనే తమ్ముడు పుట్టాడు. నాన్నగారు రాత్రంతా గట్టుకి మా ఇంటి వైపు నిలబడి ఉన్నారట, నేను నిద్రపోయాను, నాకు తెలియదు. నేను లేచేసరికి పెదనాన్నగారు చెంబుతో మొహం కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ గట్టు దాకా నడిచి వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను. నాకేసి చూసి చెప్తారేమో అనుకున్నాను. చూడలేదు. నాన్నగారి మొహంలోకే చూస్తూ, "మగపిల్లాడురా. ఇద్దరూ బావున్నారు" అని చెప్పి వెనక్కి తిరిగి వచ్చేశారు. నాన్నగారు ఆ మొద్దు మీద కూచుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు.